మాది రెంటచింతలండీ

మా బావగారి ముందు ఎండ మాటెత్తకూడదు. ఎత్తారా, ముందు ఓ చిన్న నవ్వు నవ్వుతారు. వెనకే "మాది రెంటచింతలండీ" అంటారు. పల్నాడు ఎటువైపుందో తెలియని తెలుగువాడైనా ఉంటాడు గానీ, మే నెలలో వార్తలు విన్నవాడెవడికీ ఆ ఊరి పేరు కొత్త కాదు. అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని రేడియో చెప్పినప్పుడల్లా, తన పదో తరగతి మార్కులు ఊరందరికీ చదివి వినిపించినట్టు పొంగిపోయేవారట. నేను బెజవాడవాణ్ని. మా ఎండలూ తక్కువవేం కాదు. కానీ ఆ విషయం చెప్పుకునే అవకాశం బావగారు ఇచ్చిందెప్పుడు?

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో స్థిరపడ్డాక ఈ గర్వం తగ్గకపోగా ముదిరింది. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటగానే పక్కింటివాళ్లు కిటికీలు బిగించుకుంటే, ఈయన పెరట్లో కుర్చీ వేసుకుని వేడి కాఫీ తాగుతారు. చెమట పడుతూనే ఉంటుంది. తుడుచుకోరు.

ఆర్‌వీ కథ కూడా ఈ గర్వంలోంచే పుట్టింది. పిల్లలకి సెలవులని జూలైలో డెత్ వ్యాలీ వెళదామని, ముందు అద్దెకి అడిగారు. అద్దెకిచ్చే కంపెనీలు కొన్ని వేసవిలో ఆ లోయలోకి బండి తీసుకెళ్లకూడదని ఒప్పందంలోనే రాసుకుంటాయి. బావగారు ఆ వాక్యం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "ఇది మనల్ని ఉద్దేశించి రాసిందేరా" అన్నారు. ఆ పంతంతో సెకండ్ హ్యాండ్ ఆర్‌వీ ఒకటి కొనేశారు. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్, నెత్తిమీద ఏసీ, అన్నీ ఉన్న బండి. "రెండో కారు కొనమన్నాను, రెండో ఇల్లు తెచ్చాడు" అని అక్క అమ్మకి ఫోన్‌లో చెప్పుకుంది.

తెలివైనవాళ్లు ఆర్‌వీల్లో ఎడారికి వెళ్లేది చలికాలంలో. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు శీతాకాలంలో ఈ బళ్లతో కిక్కిరిసిపోతుంది, ఎండలు ముదిరేసరికి ఖాళీ అవుతుంది. ఈ మాట నేనంటే, "చలికాలంలో ఎడారికి ఎవడైనా వెళతాడు" అన్నారు. సరే, రికార్డు సంగతేమిటన్నాను. 1913 జూలై 10న డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్‌లో 134 డిగ్రీలు, అంటే మన లెక్కలో 56.7, నమోదైంది. ప్రపంచ రికార్డు అదే. అయితే ఆ అంకె మీద కొందరు వాతావరణ శాస్త్రవేత్తలకి అనుమానాలున్నాయి. ఆ శాస్త్రవేత్తలకి మా బావగారిని మించిన అభిమాని లేడు. "1913లో చూసొచ్చిందెవడు? అదే థర్మామీటర్ మా ఊరి చెరువుగట్టు మీద పెట్టుంటే తెలిసేది."

రిడ్జ్‌క్రెస్ట్ దాటి పానమింట్ లోయలోకి దిగాక రోడ్డు టౌన్ పాస్ కనుమ ఎక్కుతుంది. దాదాపు 5,000 అడుగుల ఎత్తు. ఆ నిట్టనిలువు ఎక్కుడులో ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని బోర్డులుంటాయి. బావగారు ఏసీ ఆపారు. అక్క విసనకర్రలా అట్టముక్క పట్టుకుంది. ఇంకాస్త ఎక్కేసరికి ఇంజన్ ముల్లు ఎర్రగీత వైపు జరిగింది. అప్పుడాయన ప్రశాంతంగా చెయ్యి చాచి హీటర్ వేశారు.

బయట 115 డిగ్రీలు. లోపల హీటర్, ఫుల్లుగా.

ఇంజన్లోని వేడిని హీటర్ ద్వారా బండి లోపలికి లాగేసి, ఇంజన్ని కాపాడటం పాత డ్రైవర్ల చిట్కా. పనిచేస్తుంది కూడా. ఈయనతో వచ్చిన చిక్కే అది, చెప్పినవన్నీ తప్పైతే హాయిగా తిట్టుకోవచ్చు. ముల్లు నెమ్మదిగా వెనక్కి దిగింది. పిల్లలు తలలు వేలాడేశారు. మేనల్లుడు "మామయ్యా, నాన్నకి పిచ్చా?" అని చెవిలో అడిగాడు. "రెంటచింతల" అన్నాను. ముందు సీట్లోంచి బావగారు గర్వంగా తలూపారు.

ఫర్నేస్ క్రీక్‌లో కరెంటు ఉన్న చోటు దొరికింది. మా బండికి వచ్చేది 30 ఆంపియర్లు. ఏసీకి ఓ 13, మైక్రోవేవ్‌కి మరో 13 పోతే మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. అక్క రైస్ కుక్కర్ మీట నొక్కగానే అంతా ఆరిపోయింది. అప్పటినుంచి బావగారు కరెంటు ఆఫీసు ఏఈలా తిరిగారు. "కుక్కర్ పెట్టేవాళ్లు నన్నడిగి పెట్టండి! ఏసీ అయిదు నిమిషాలు కట్!" కోతలు లేని అమెరికాలో ఇరవై ఏళ్లకి మళ్లీ కరెంటు కోత చూపించిన ఘనత ఆయనదే. చన్నీళ్ల కుళాయి తిప్పితే వేణ్ణీళ్లొచ్చాయి. "గీజర్ ఖర్చు లేదు చూశావా!"

బాత్రూమ్ ట్యాంకు ఖాళీ చేసే పని మాత్రం నాది. గొట్టం నా చేతిలో పెట్టి, ఎటు తిప్పాలో పది గజాల దూరంనుంచి చెప్పారు. దీనికి ఎండతో సంబంధం లేదు. బావమరిదిగా పుట్టడంతో ఉంది.

అక్క కూడా తక్కువ తినలేదు. ఇంత ఎండ వృథా పోతోందని, ఇంటినుంచి రుబ్బి ఐస్ పెట్టెలో తెచ్చిన పిండితో, బల్ల మీద పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. రేంజరు ఒకతను వచ్చి అనుమానంగా చూశాడు. పాపం, అతని బాధ అతనిది. 2013లో యాత్రికులు నేలమీద గుడ్లు వేయిస్తామని చిందరవందర చేస్తే, ఆపండి మహాప్రభో అని పార్కువాళ్లు వేడుకోవాల్సి వచ్చింది. అక్క ఒక వడియం చూపించి ఏదో చెప్పింది. అతను వెళ్లిపోయాడు. సాయంత్రానికి వడియాలు గలగలలాడాయి. బావగారు ఒకటి కొరికి, మొదటిసారిగా ఆ లోయని మెచ్చుకున్నారు: "పర్లేదు, ఎండ ఉంది."

ఆర్‌వీ ఏసీ బయటికన్నా ఓ 20 డిగ్రీలు తగ్గిస్తే అదే గొప్ప. కాబట్టి లోపల కూడా వందకి దగ్గర్లోనే ఉన్నాం. కిటికీలకి తడి తువ్వాళ్లు వేలాడదీశాం. చొక్కా జేబులో ఉల్లిపాయ పెట్టుకున్న బావగారు, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ చెంబుతో పక్కనున్న జర్మన్ దంపతుల దగ్గరికెళ్లారు. ఎండ భయంకరంగా ఉంది కదా అని వాళ్లన్నారు. తర్వాతేం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కాగితం మీద పల్నాడు పటం కూడా గీశారు.

చీకటి పడింది, వేడి పడలేదు. "ఎండాకాలం గదిలో పడుకునేవాళ్లం కాదురా, డాబా మీదే" అంటూ ఆయన చాప, దుప్పటి చంకన పెట్టుకుని, వెనక నిచ్చెన ఎక్కి బండి కప్పు మీదికి వెళ్లారు. కిందపడతారేమోనని నేను నిచ్చెన దగ్గరే నిలబడ్డాను. పైనుంచి కాసేపు నక్షత్రాల గురించి చెప్పారు. కాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత చాప కిందికొచ్చింది, దాని వెనక ఆయనొచ్చారు.

ఆ లోయలో అడుగుపెట్టినప్పటినుంచి మాకు ఒక్క పురుగు కనిపించలేదు.

"పైన దోమలున్నాయోయ్" అంటూ ఏసీ కిందికి నా దిండు జరిపి, తన దిండు వేసుకున్నారు.