మా రోజుల్లో రాయే పాఠం చెప్పేది

మొన్న తొమ్మిదో తరగతి చదివే మా మనవడు పనికి నిర్వచనం అప్పజెప్పాడు. బలం, స్థానభ్రంశం, రెండింటి లబ్ధం, ప్రమాణం జౌలు. ఎక్కడా తప్పు లేదు. గడప పక్కన పడి ఉన్న ముగ్గురాయిని చూపించి, "దీన్నెత్తి అరుగు మీద పెట్టు. ఎంత పని చేశావో చెప్పు" అన్నాను. కాసేపు దానికేసి చూసి "బరువు ఇవ్వలేదు కదా తాతా" అన్నాడు. ఇంట్లో త్రాసుంది, టేపుంది. తూచుకోవచ్చు, కొలుచుకోవచ్చు అన్న ఆలోచనే వాడికి రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ఈ చుట్టుపక్కల బళ్లలో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. మాది మంగంపేట. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపాల్లో ఒకటి మా కాళ్ల కిందే ఉంది. నీటికి నాలుగు రెట్లు మించిన బరువు ఆ రాయిది. చిన్న ముక్కే కదా అని ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేస్తుంది. సాంద్రత అంటే ఏమిటో మా పిల్లలకు నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు.

మా రోజుల్లో ల్యాబు అంటే తాళం వేసిన బీరువా. అయినా పాఠం ఆగలేదు. పని వేడిగా మారుతుందని చూపాలంటే పుస్తకం సీసపు గుళ్లు తెమ్మనేది. అవి మాకెక్కడివి? మీటరు పొడవు లావుపాటి వెదురుబొంగు కోసి, లోపలి కణుపులు పొడిచి, కిలో ముగ్గురాయి నలుసులు పోసి, రెండు కొసలా బిరడాలు బిగించేవాళ్లం. వంతులవారీగా వందసార్లు తలకిందులు చేసేవాళ్లు పిల్లలు. కిలో రాయి మీటరు పడితే 9.8 జౌళ్లు, వందసార్లకు 980. ఆ రాయి విశిష్టోష్ణం నీటిదాంట్లో పదో వంతే కాబట్టి లెక్క ప్రకారం రెండు డిగ్రీలు పెరగాలి. మా థర్మామీటరు డిగ్రీ పైచిలుకు చూపేది. మిగతాది ఎక్కడికి పోయిందని పిల్లలే కొట్లాడుకునేవాళ్లు. బొంగు తిన్నదని ఒకడు, బిరడా సందున పోయిందని ఇంకొకడు. ఆ కొట్లాటే నాకు కావలసిన పాఠం.

శాస్త్రవేత్త రమ్‌ఫర్డ్ మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలిపిస్తూ, ఆ రాపిడికే రెండున్నర గంటల్లో నీళ్లు మరగడం చూసి, ఆ సంగతి 1798లో ప్రకటించాడు. సమ్మెట దెబ్బలు తిన్న ఉలి తలను మా పిల్లలు వేలితో తాకి చూసినవాళ్లే. అందుకే రమ్‌ఫర్డ్ వాళ్లకు పరాయివాడు కాలేదు.

ఒకరోజు గనిలో తట్టలు మోసే ఒకామె బడి గేటు దగ్గర నన్ను నిలేసింది. "ఏం సారూ, తట్ట నెత్తిన పెట్టుకోని చదునుగా నడిస్తే పని సున్న అని మా పిల్లోడు చెప్తాండాడు. మరి నా మెడ ఎందుకు పట్టుకుపోతాంది?" అంది. అంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు. మర్నాడు ఆ ప్రశ్ననే పాఠం చేశాను. తట్టను మోసే బలం పైకి, నడక అడ్డంగా. అందుకే తట్ట మీద జరిగిన పని సున్న. కానీ కండ బిగిసి నిలవాలంటే లోపలి పోగులు క్షణక్షణం ముడుచుకోవాలి. తిన్న సంగటి శక్తి అంతా అక్కడే వేడైపోతుంది.

అదే మనిషి 20 కిలోల తట్టతో 30 మీటర్ల లోతు గుంత ఎక్కితే? ఒంటి బరువు 50 కిలోలు అనుకుంటే 20,580 జౌళ్లు, దాదాపు ఐదు కిలోకేలరీలు. తిన్నదాంట్లో పావు వంతే పనిగా మారుతుందనుకుంటే మిగతా పదిహేనూ ఒంట్లో వేడే. ఆ వేడిని చెమటే తీసుకుపోవాలంటే 25 గ్రాములకు పైగా ఆవిరి కావాలి. లెక్క బోర్డు మీద తేలేసరికి ఆమె కొడుకు తల వంచుకున్నాడు. అమ్మ చెమట అంకెల్లో కనబడింది వాడికి.

ఇప్పుడు గుంతలోకి యంత్రాలు దిగాయి. మనిషి నెత్తి మీద బరువు తగ్గింది, అది మంచిదే. కానీ ఈ పిల్లలకు ముగ్గురాయి అంటే ఇంటి ముందు దుమ్ము రేపుకుంటూ పోయే లారీ. ఆ రాయి పొడి చమురు బావుల్లోకి పోతుందని, అక్కడి బురదకు బరువిచ్చి పైకి తన్నుకొచ్చే వాయువును అణచిపెడుతుందని, ఆ బురదే తిరుగుతూ రాపిడికి కాగే డ్రిల్లు మొనను చల్లార్చుతుందని చెప్తే కళ్లు పెద్దవి చేస్తారు. ఊరి రాయిలోనే పని, పీడనం, ఉష్ణప్రసారం ఉంటే, ఊరి బడిలో అవి నాలుగు ఆప్షన్లలో ఒకదానికి చుక్క పెట్టడంగా మిగిలాయి.

మాటలూ పోయాయి. 'గుప్తోష్ణం' అనగానే దాక్కున్న వేడి అని మాటే చెప్పేది. కుండ నీళ్లు చల్లబడేది అందుకేనని ఇట్టే అల్లుకునేవాళ్లు. ఇప్పుడు 'లేటెంట్ హీట్' అంటారు, 540 అంటారు, పక్కనే చెమర్చే కడవ వైపు చూడరు.

తప్పు పిల్లలది కాదు. వాళ్ల చేతికి రాయి ఇవ్వని మనది. నిన్న ఒక వెదురుబొంగు కోసి ఎండలో పెట్టాను. ఆదివారం మనవడితో తిప్పిస్తాను. ఒక డిగ్రీ ఎక్కడికి పోయిందని వాడు నాతో కొట్లాడాలి. అప్పటిదాకా వాడికి పాఠం వచ్చిందని నేను ఒప్పుకోను.