సెంటు బావ

అపార్ట్‌మెంటుకొక సెంటు బావ ఉంటాడు. అసలు పేరు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా వాడుకలో ఉండదు. ముప్ఫై దాటి ఉంటాయి, ఉద్యోగం బాగానే ఉంటుంది, సంబంధాలు వస్తుంటాయి, పోతుంటాయి. పొద్దున్నే అతను ఆఫీసుకి బయల్దేరాడో లేదో ఎవర్నీ అడగక్కర్లేదు, లిఫ్టెక్కితే చాలు. మనిషి దిగిపోయి పావుగంటైనా వాసన మాత్రం మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. వాచ్‌మన్ ఒక తుమ్ము తుమ్మి, "సారు ఇప్పుడే పోయిండు" అంటాడు.

చంకలకొకటి, చొక్కాకొకటి, మెడకొకటి. ఇవి రోజువారీవి. పెళ్లిచూపులకి మాత్రం అత్తరే. దాని కోసం పనిగట్టుకుని చార్మినార్ దాకా వెళ్తాడు. దుకాణంలో పెద్దాయన గాజుపుల్లతో ఒక్క చుక్క మణికట్టు మీద రాసి, కాసేపాగి చూడమంటాడు. ఆ కాసేపు ఆగే ఓపిక బావకుండదు. వెంటనే ముక్కుకానించి, "ఇంకా స్ట్రాంగ్‌ది లేదా భాయ్?" అంటాడు. ఖస్, షమామా, మజ్మువా అన్నీ దాటి ఊద్ దగ్గర ఆగుతాడు. దూదికి కాస్త అద్దుకుని చెవి మడతలో పెట్టుకోమన్న పెద్దాయన సలహాని బావ రెండు చెవులా పాటిస్తాడు.

ఎందుకు బావా ఇంత అంటే సైన్సు ఎత్తుకుంటాడు. "ఫెరొమోన్లోయ్! మగ పట్టుపురుగుకి వాసన తగిలితే చాలు, వెర్రెత్తిపోతుంది. చదువుకో!" చదివాను. 1959లో బుటెనాండ్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాదాపు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి ఆ పదార్థాన్ని పిండి తీసిన మాట నిజమే. అయితే వాసన వదిలేది ఆడది. మగది ఏమీ పూసుకోదు. పాపం, దానికి ఎగరడం కూడా రాదు, రెక్కలు కొట్టుకుంటూ నడిచి వెళ్తుంది. మనుషుల్లో అలాంటి పదార్థం ఫలానా అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు.

పురుగులతో పని జరక్కపోతే భారతంలోకి దిగుతాడు. శంతనుడు యోజనగంధి పరిమళం పట్టుకునే కదా యమున ఒడ్డుకి పోయింది! అక్కడా పరిమళం పెళ్లికూతురిదే. పైగా వాసన పని ఒడ్డు దాకానే. ఆ తర్వాత దాశరాజు పెట్టిన షరతు ముందు ఏ పరిమళమూ పనిచేయలేదు, కొడుకు భీష్మ ప్రతిజ్ఞ చేస్తే గానీ పెళ్లి కాలేదు.

స్విట్జర్లాండ్ సంగతి చెబుదామని నేనే కూర్చోబెట్టాను. 1995లో వెడెకిండ్ బృందం 44 మంది కుర్రాళ్లకి తలో టీషర్టూ ఇచ్చి రెండు రాత్రులు వేసుకు పడుకోమంది. తర్వాత 49 మంది అమ్మాయిల చేత వాటిని వాసన చూపించింది. రోగాల్ని తట్టుకునే జన్యువులు తమకి భిన్నంగా ఉన్నవాళ్ల చొక్కాలే చాలామందికి నచ్చాయి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మాత్రం ఇది తిరగబడింది. తర్వాత చేసినవాళ్లందరికీ ఇదే ఫలితం రాలేదనుకోండి. కానీ అందులో మొదటి షరతేమిటో తెలుసా బావా? సెంటు పూసుకోకూడదు! నిన్ను గుమ్మంలోనే ఆపేసేవాళ్లు.

పక్కనే చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న వాళ్లమ్మగారు అందుకున్నారు. "మన పెద్దలు ఊరికే అన్నారా సగోత్రం వద్దని!" మరి మేనరికాల మాటేమిటని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ చేసుకున్నది సొంత మేనమామని.

కిందటి శ్రావణంలో పెళ్లిచూపులకి నన్నూ తీసుకెళ్లాడు. ఏసీ గది, తలుపులు బిగించి ఉన్నాయి. జీడిపప్పు ఉప్మా వచ్చింది. పొగలు కక్కుతోంది, నెయ్యి మెరుస్తోంది, వాసన మాత్రం ఊద్‌ది. నోట్లో పెట్టుకుంటే అదీ ఊదే. మూల కుర్చీలో మామ్మగారు పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆ అగరొత్తులు ఆర్పండర్రా" అన్నారు. అగరొత్తులు లేవని ఎవరు చెప్తారు? అమ్మాయి కాస్త ధైర్యం చేసింది.

"మీకేమైనా వాసన వస్తోందాండీ?"

"లేదే! ఏం వాసన?"

అతను అబద్ధమాడలేదు. ఎప్పుడూ ఉండే వాసనని ముక్కు కొన్ని నిమిషాల్లో లెక్కచేయడం మానేస్తుంది. సెంటు ఊళ్లోవాళ్లందరికీ తెలుస్తుంది, పూసుకున్నవాడికి తప్ప. అందుకే దారిలో కారాపించి మళ్లీ కొట్టుకున్నాడు.

మూడోనాడు జాతకాలు కుదరలేదని ఫోనొచ్చింది. బావ చాలాసేపు ఆలోచించి, "ఈసారి ఇంకొంచెం ఘాటైంది చూడాలోయ్" అన్నాడు.

మీ ఎరికలో అమ్మాయి ఉంటే చెప్పండి. అబ్బాయి బుద్ధిమంతుడు, సొంత ఫ్లాటుంది, సిగరెట్టూ మందూ లేవు, కట్నం అడగడు. పెళ్లిచూపులు మాత్రం దయచేసి డాబా మీద పెట్టుకోండి.