సీటుంది, మీకు కాదు

రైల్వేవాళ్లని మనం తిట్టని తిట్టు లేదు గానీ, ఒక్క విషయంలో వాళ్లకి దణ్ణం పెట్టాలి. సీటు లేదన్నా లెక్క చెప్పి మరీ లేదంటారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు 43 అంటే మన ముందు 42 మంది ఉన్నారు, అంతే. అది జనరల్ కోటానా, రిమోట్ లొకేషనా, పూల్డ్ కోటానా అన్నది కూడా టికెట్టు మీదే ఉంటుంది. పొద్దున్నే లేచి పీఎన్‌ఆర్ కొట్టి చూసుకుంటూ ఉంటే 43 కాస్తా 29 అవుతుంది, 29 కాస్తా ఆర్‌ఏసీ అవుతుంది, సైడ్ లోయర్ బెర్తులో సగం మనదైందని ఇంటిల్లిపాదీ సంబరపడతాం. ఇదివరకు బండి బయల్దేరడానికి 4 గంటల ముందు వేసే చార్టుని 2025లో ఇంకా చాలా ముందుకి జరిపారు కాబట్టి, దొరకనివాళ్లు తీరిగ్గా కూర్చుని ఏడవడానికి కూడా వెసులుబాటు వచ్చింది. చార్టు వేశాక కూడా పేరు ఎక్కకపోతే ఆన్‌లైన్ టికెట్టు దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వచ్చేస్తుంది.

ఇప్పుడు విమానంలో పాయింట్లతో సీటు అడిగి చూడండి. అక్కడా వెయిట్‌లిస్టు ఉంది. నంబరు మాత్రం లేదు. మీ ముందు ఎందరున్నారో చెప్పరు, ఎప్పుడు తేలుస్తారో చెప్పరు, అసలు వరస అనేది ఒకటుందో లేదో కూడా చెప్పరు. తెర మీద ‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది’ అన్న ముక్క ఒక్కటే. తాసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టుకున్న జాతికి ఈ మాట కొత్తేమీ కాదనుకోండి. కాకపోతే అక్కడ కనీసం కసురుకోడానికైనా ఒక గుమస్తా ఉంటాడు.

మా అక్కాబావగార్ల అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. అమ్మాయికి నెలలు నిండొస్తున్నాయి. పురుడు పొయ్యడానికి వెళ్లే అమ్మమ్మలతో, వాళ్ల ఊరగాయ పెట్టెలతో శంషాబాద్ విమానాశ్రయం అర్ధరాత్రి ఎలా కళకళలాడుతుందో చూసినవాళ్లకి తెలుసు. బావగారికి మోకాళ్ల నొప్పి. ఎకానమీలో అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేరు. అలాగని డబ్బు పోసి బిజినెస్ క్లాసు కొనడానికి ఆయనకి చెయ్యి రాదు. మోకాలికీ చేతికీ మధ్య ఉన్న ఈ చిక్కుని క్రెడిట్ కార్డు తీరుస్తుందని ఆయనకి ఎవరు ఉపదేశించారో గానీ, అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరేం కొన్నా బిల్లు ఆయనే కడుతున్నారు. ఉదారత అనుకునేరు! ‘నేను గీకుతా, నువ్వు నాకు ఫోన్‌పే చెయ్’ అన్నది ఒప్పందం.

మా పిన్ని కూతురి పెళ్లికి పట్టుచీరలు కొన్న రోజు నేనూ ఉన్నాను. పిన్ని సంచీ జిప్పు లాగి నోట్లకట్ట బయటికి తీసేలోపే బావగారి కార్డు మిషన్ మీదికి వచ్చేసింది.

“మీరుండండి అత్తయ్యగారూ, నేనున్నాగా!”

“కార్డైతే రెండు శాతం ఎక్కువవుతుంది సార్” అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

బావగారు కళ్లు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. గాయత్రి అనుకున్నాను, లెక్క. కళ్లు తెరిచి “కానీయ్” అన్నారు. ఆ రెండు శాతం ఎవరి ఖాతాలో పడాలన్న సంగతి ఆయనకీ మా పిన్నికీ మధ్య ఈ నాటికీ తేలలేదు.

అలా పోగైన పాయింట్లని బావగారు ఒక విదేశీ విమానసంస్థ మైళ్లుగా మార్చారు. ఈ మార్పిడికి వెళ్లే దారే గానీ వచ్చే దారి ఉండదు. బ్యాంకు నుంచి గడప దాటిన పాయింటు మళ్లీ పుట్టింటి ముఖం చూడదు. దాటించకుండా ఆగుదామా అంటే, మైళ్లు ఖాతాలో ఉంటేనే వెయిట్‌లిస్టులో పేరు రాస్తారు. సరే, రాయించారు. రాయించిన రోజే అక్క గోంగూర పచ్చడి పెట్టేసింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, ఇక్కడ చూలూ ఉంది, మనవడూ వచ్చేస్తున్నాడు, లేనిదల్లా సీటే.

“సీట్ల పటంలో చూశానురా, ముందు వరసలన్నీ ఖాళీయే” అనేవారు బావగారు.

“మరి ఇవ్వచ్చుగా బావగారూ?”

“ఇస్తారు. వాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి. మనం కాస్త టైమివ్వాలి.”

నెల తిరిగేసరికి ఆయన ఆ కంపెనీ తరఫున మాట్లాడటం మొదలుపెట్టారు. ఎదురుచూసేవాణ్ని తన మనిషిగా మార్చుకోవడంలో ఈ విమానసంస్థల ముందు మన రాజకీయ పార్టీలు కూడా దిగదుడుపే.

ఇంతకీ ఆ ఇబ్బందులేమిటంటే, క్యాబిన్లో కుర్చీలన్నీ ఒకటే అయినా కంప్యూటర్లో వాటికి కులాలుంటాయి. పూర్తి ధర కట్టినవాడిది ఒక అక్షరం, తగ్గింపులో కొన్నవాడిది ఇంకో అక్షరం. స్టార్ అలయన్స్ అనే కూటమిలోని విమానసంస్థల్లో పాయింట్ల మీద వచ్చేవాడికి ఎకానమీలో ‘ఎక్స్’, బిజినెస్‌లో ‘ఐ’, ఫస్ట్ క్లాసులో ‘ఓ’. ఆ ‘ఐ’ పక్కన సీట్ల లెక్క సున్నా అని ఉన్నంతసేపూ క్యాబిన్ మొత్తం బోసిపోయి ఉన్నా మీకు సీటు లేనట్టే. సున్నాని ఒకటి చేసే అధికారం ఆదాయాల లెక్కలు చూసే కంప్యూటరుది. అది పాత ఏళ్ల అమ్మకాలు, సెలవులు, పండగలు అన్నీ తిరగేసి, ఈ కుర్చీ ఆఖరి వారంలో ఎంతకి పోతుందో అంచనా కడుతుంది. రేపు పొద్దున మీటింగు ఉందని ఈ రాత్రి కంపెనీ డబ్బుతో టికెట్టు కొనే పెద్దమనిషి ఒకాయన ఎక్కడో ఉంటాడు. వస్తాడన్న ఆశ చచ్చేదాకా ఆ సీటు ఆయనదే. ఆయన రాడని రూఢి చేసుకున్నాక, అప్పుడు, మనసొప్పితే, మీవైపు చూస్తుంది. అందుకే ఈ వెయిట్‌లిస్టులు చాలామటుకు ప్రయాణం ముంగిట్లోకి వచ్చేదాకా కదలవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ లాంటివి 355 రోజుల ముందే బుకింగ్ తెరుస్తాయి. అంటే నిరీక్షణకి ఏడాది, నిర్ణయానికి వారం. ఆ సంస్థ క్రిస్‌ఫ్లయర్ పథకంలో ‘సేవర్’ అని తక్కువ మైళ్ల రేటు, ‘అడ్వాంటేజ్’ అని ఎక్కువ మైళ్ల రేటు ఉన్నాయి. విమానం అదే, కుర్చీ అదే. తక్కువ రేటు దగ్గర ‘వెయిట్‌లిస్టు’ బోర్డు వేలాడుతుండగా ఎక్కువ రేటు దగ్గర తలుపులు బార్లా తెరిచి ఉండటం మామూలే. ఆ వెయిట్‌లిస్టులో కూడా పెద్ద హోదా సభ్యులకి ముందు పీట. ఇదంతా తేలేదాకా మైళ్లు కుదురుగా ఉంటాయా అంటే, వాటి ఆయుష్షు 3 ఏళ్లు.

కాబట్టి వెయిట్‌లిస్టు భక్తుడు దేవుణ్ని కోరుకోవాల్సింది తనకు సీటు ఇమ్మని కాదు, ఇంకెవరూ కొనకుండా చూడమని. బావగారు చిలుకూరు వెళ్లారు. వీసా బాలాజీగా పేరుపడ్డ ఆ స్వామికి మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. చుట్టూ ఇంజనీరింగ్ కుర్రాళ్లు వీసా ఇమ్మని తిరుగుతుంటే మధ్యలో మా బావగారు ఆ రోజు విమానం వెలవెలబోవాలని తిరిగారు. ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఉంది. ఆ కుర్రాళ్లందరికీ వీసాలొస్తే ఎకానమీ పొంగిపోతుంది. పొంగినవాళ్లని సిబ్బంది తెచ్చి బిజినెస్‌లో కూర్చోబెడతారు. ఆ స్వామి ఎవరి మాట వినాలి?

ఈ మైళ్ల వ్యాపారం 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో పెద్ద ఎత్తున మొదలైంది, కొద్ది రోజుల్లోనే యునైటెడ్ అందుకుంది. అప్పట్లో ఇది మాటిమాటికీ ఎక్కే ప్రయాణికుడికి కొసరు. కొసరు ఎంత పెరిగిందంటే, 2020లో కరోనా వచ్చి విమానాలు నేలమీద పడి ఉన్నప్పుడు యునైటెడ్ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. డెల్టా 900 కోట్లు, మరుసటి ఏడాది అమెరికన్ 1000 కోట్లు. ఎగరని విమానాన్ని నమ్మి ఎవరూ అప్పివ్వరు గానీ, ఎగరాలని ఆశపడేవాణ్ని నమ్మి ఇస్తారు. మన దేశంలో ఇంకా విచిత్రం జరిగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం మానేసింది. దాని మైళ్ల పథకం మాత్రం ఇంటర్‌మైల్స్ అని అదే ఏడాది పేరు మార్చుకుని నిక్షేపంగా బతికింది. విమానం పోయింది, మైళ్లు మిగిలాయి. అద్వైతం అంటే ఇదే కాబోలు.

ఒక సీటుకి ఎన్ని మైళ్లో రాసిన పట్టికలు ఒకప్పుడు గోడమీద క్యాలెండర్లా అందరికీ కనపడేవి. డెల్టా 2015లో తన పట్టికని పీకేసింది, 2019లో యునైటెడ్ కూడా. ఇప్పుడు అక్కడ ధర అంటే ఆ పూట కంప్యూటరు నోట ఎంతొస్తే అంత.

అన్యాయం అని కోర్టుకెళ్తే? వెళ్లాడు ఒకాయన. అమెరికాలో ఒక యూదు మతగురువు, నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో ప్లాటినం సభ్యుడు. 2008లో ఆయన సభ్యత్వాన్ని ఆ సంస్థ పీకి పారేసింది. కారణాల్లో ఒకటి ఆయన మరీ ఎక్కువ ఫిర్యాదులు చేస్తున్నాడని. ఏడెనిమిది నెలల్లో 24 ఫిర్యాదులట, వాటిలో 9 సామాను ఆలస్యంగా వచ్చిందని. ఒప్పందం అన్నాక కాస్త సద్బుద్ధితో నడుచుకోవాలి గదా అని ఆయన దావా వేశాడు. 2014 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా కొట్టేశారు. సద్బుద్ధి అన్నది రాష్ట్ర చట్టం మోపే బాధ్యతట, 1978 నాటి కేంద్ర విమానయాన చట్టం ముందు అది నిలవదట. ఈ తీర్పు చదివాక బావగారు కస్టమర్ కేర్ వాళ్లని ‘అమ్మా’ అని పిలవడం మొదలుపెట్టారు.

కస్టమర్ కేర్‌తో వ్యవహారం ఒక విద్య. మొదటిసారి ఎత్తినవాళ్లు ‘సిస్టమ్‌లో చూపించట్లేదు సర్’ అంటారు. వాదించకూడదు. థాంక్స్ చెప్పి పెట్టేసి, మళ్లీ చెయ్యాలి. ఇంకొకరు ఎత్తుతారు, ఇంకో రకంగా లేదంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారులు షిఫ్టుల్లో మారుతుంటారు కాబట్టి ఎవరో ఒకరు ఇస్తారన్నది సిద్ధాంతం. ఒక రాత్రి రెండు గంటలకి ఒకమ్మాయి నిజంగానే ఏదో చూసి, హైదరాబాద్ నుంచి విమానం మారే ఊరి దాకా బిజినెస్ ఇస్తానంది. అక్కణ్నుంచి డల్లాస్ దాకా లేదు. త్రిశంకుణ్ని విశ్వామిత్రుడు అంతకంటే పైకే తీసుకెళ్లాడని బావగారు ఒప్పుకోలేదు.

ఆ అమ్మాయే ఒక సలహా ఇచ్చింది. “ఇద్దరూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే రెండు సీట్లూ ఒకేసారి ఖాళీ అయితేనే కన్ఫర్మ్ అవుతుంది సర్. విడగొట్టమంటారా?” మాట నిజమే, ఈ విద్యలో ఆరితేరినవాళ్లందరూ చెప్పేదే. ఒక్క సీటు తెరుచుకున్నప్పుడు జంట పేర్లు దాన్ని అందుకోలేవు. బావగారు అక్కని అడిగారు. “మీ ఇష్టం, విడగొట్టండి” అంది అక్క, గోంగూర జాడీకి గుడ్డ కడుతూ. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ మాట అంత తేలిగ్గా అనడం నేనెన్నడూ వినలేదు.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక తెల్లవారుజామున మెయిల్ వచ్చింది. అక్కకి కన్ఫర్మ్, డల్లాస్ దాకా. పన్నులూ ఇంధన సర్‌చార్జీ ఇంత కట్టండి అని అంకె. ఉచిత టికెట్టుకి ఆ అంకె చూసి బావగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. కట్టి, తన వంతు కోసం విమానం రోజు సాయంత్రం దాకా చూశారు. రాలేదు. పిల్ల పురుడు ఎవరి వెయిట్‌లిస్టు కోసమూ ఆగదు గదా, అక్క వెళ్లిపోయింది. బావగారికి పది రోజుల తర్వాతి ఎకానమీ టికెట్టు నేనే కొన్నాను, ఆయన కార్డు మీదే, ఆయన పట్టుబట్టి మరీ గీకించారు గనక.

దిగగానే అక్క ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టారు.

“చాలా బాగుందండీ. పక్కలా పరిచారు. మీరొస్తే బాగుండేది.”

“పక్కన ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు. దారి పొడుగునా ఖాళీయే. నా హ్యాండ్‌బ్యాగూ శాలువా పెట్టుకున్నాను.”

బావగారు మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసి కస్టమర్ కేర్‌కి కలిపారు. సంగీతం అయ్యాక కొత్త గొంతు వచ్చింది. బావగారు పీఎన్‌ఆర్ చెప్పారు. అవతల టకటకా కీబోర్డు చప్పుడు.

“కంగారు పడకండి సర్, మీ రిక్వెస్టు ఇంకా పెండింగ్‌లోనే ఉంది.”