‘మూత తీయరాదు’ అను వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలం: ఇరువదియొక్క దినములు వేడి తగ్గనీయక గుడ్లను తిప్పుచుండవలెను. కడపటి మూడు దినములు మూత తీయరాదు.

అవతారిక: ఇంట్లోనే కోడిపిల్లల్ని లేపుదామని ముచ్చటపడి థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, థర్మోస్టాట్ సమకూర్చుకున్న గృహస్థు కోసం పుట్టిన వాక్యాలివి. ఏ ఇంక్యుబేటరు తాలూకు కాగితం విప్పినా సారం ఇంతే. మెదక్ సీమ మనిషి మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మహాకావ్యాలకు వ్యాఖ్యలు చేశాడు. ఆ ఒట్టులో మొదటి సగం ఇక్కడా చెల్లుతుంది. రెండో సగం కూడా పాటిస్తే ఈ టీకే ఉండదు. ఇక విషయం. ఈ మూలంలో ప్రధానపదం ‘వేడి’ అని లోకం అనుకుంటుంది. వేడిని థర్మోస్టాట్ చూసుకుంటుంది. మనిషి చూసుకోవాల్సింది ‘రాదు’ అన్న పదాన్ని. అదే ప్రధానమని మా పక్షం.

టీక: ‘ఇరువదియొక్క’ అన్నది కోడికే. బాతుకు 28. ‘వేడి’ అంటే ఫ్యాను తిరిగే పెట్టెలో 37.5 డిగ్రీలు, ఫ్యాను లేకపోతే గుడ్డు నెత్తి దగ్గర మరో డిగ్రీ. ‘గుడ్లను’ అన్నచోట కొంచెం ఆగాలి. కిరాణా కొట్టులో అట్ట ట్రేలో దొరికేవీ గుడ్లే కదా అని కొందరు వాటినే తెచ్చి పెడతారు. ఫారం పెట్ట పుంజు మొహం చూడకుండానే గుడ్డు పెడుతుంది. దాన్ని ఎన్నాళ్లు వెచ్చబెట్టినా మురుగుతుందే గాని పిల్ల కాదు. అందుచేత ‘పుంజు తొక్కిన పెట్ట గుడ్లను, అవీ పెట్టి వారం దాటనివాటిని’ అని అధ్యాహారం చేసుకోవాలి. ‘తిప్పుచుండవలెను’ అంటే ఒకసారి తిప్పి ఊరుకోవడం కాదు. గుడ్డు కదలకుండా పడి ఉంటే లోపలి పిండం పైకి తేలి పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. పెట్ట రోజంతా ముక్కుతో దొర్లిస్తూనే ఉంటుంది. మనిషికి మూడుసార్లో ఐదుసార్లో చాలు. బేసి లెక్క ఎందుకంటే, రాత్రి పొడుగు. వరసగా రెండు రాత్రులు గుడ్డు ఒకే పక్క మీద పడుకోకూడదు. పెన్సిలుతో ఒక పక్క ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా పెట్టుకుంటే పొద్దున లేచేసరికి ఏ పక్క ఎటుందో తెలుస్తుంది.

ఇక్కడొక పూర్వపక్షి లేస్తాడు. తిప్పమన్న నోటితోనే మూత తీయరాదంటే వదతోవ్యాఘాతం కాదా అని. కాదు. మొదటిది సామాన్య విధి, రెండోది దానికి అపవాదం. హద్దు పద్దెనిమిదో రోజు. అప్పటికి పిల్ల గుడ్డంతా నిండి, లావుకొనలోని గాలి గది వైపు తల తిప్పుకుని ఉంటుంది. ఇక దొర్లించే పని లేదు. ఇకమీదట కావలసింది తేమ. అంతవరకు యాభై శాతం చుట్టుపక్కల ఉన్నది చివరి మూడు రోజులూ 65, 70కి పెరగాలి. మూత ఎత్తామా, నీళ్ల గిన్నె కష్టపడి కూడబెట్టిన తేమంతా ఒక్క క్షణంలో గదిలోకి పోతుంది. పొర ఎండి పిల్లకు చుట్టుకుపోతుంది. పిల్ల ఇక తిరగలేదు. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని లక్షణార్థం చెప్పుకున్నట్టే, ఇక్కడ ‘మూత’ అంటే తేమ.

రెండో పూర్వపక్షి దయాళువు, అందుకే ప్రమాదకారి. పెంకుకు చిల్లు పడి పది గంటలైంది, లోపల కిచకిచమంటోంది, గోటితో కాస్త వలిచి సాయం చేస్తే పుణ్యమే కదా అంటాడు. చిల్లు పడింది మొదలు పిల్ల బయటపడే దాకా ఒక పగలూ రాత్రీ పట్టవచ్చు. ఆ వ్యవధి వృథా కాదు. పొరలోని నాళాల రక్తం పిల్లలోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి పోతుంది, ఊపిరితిత్తులు పనికి అలవాటు పడతాయి. ముందే వలిస్తే గోటికి అంటేది రక్తం. దీనికి భారతమే ప్రమాణం. కద్రువ గుడ్లు వెయ్యి, వినత గుడ్లు రెండు. వెచ్చని పాత్రల్లో ఐదు వందల ఏళ్లు ఉన్నాయి. సవతి గుడ్లు పిల్లలై తిరుగుతుంటే ఓర్వలేక వినత ఒక గుడ్డు చిదిపింది. నడుం కింద రూపు కట్టని అనూరుడు బయటికొచ్చి, తల్లిని సవతికి దాసివి కమ్మని శపించాడు. ముట్టకుండా వదిలిన రెండో గుడ్డులోంచి గరుత్మంతుడు వచ్చాడు. పెట్టెకూ వేడికీ ఏ లోటూ లేకుండానే ఇంత జరిగింది. ‘ఆకలికి చచ్చిపోదా’ అన్న శంకకూ జవాబు ఆ పచ్చసొనే. దాంతో పిల్ల రెండు రోజులు నిబ్బరంగా ఉంటుంది. హేచరీల నుంచి ఒక్కరోజు పిల్లలు అట్టపెట్టెల్లో మేత లేకుండా దూరాలు వెళ్లేది ఆ బలం మీదే.

పెట్ట మాత్రం రోజూ గంప దిగి మేతకు పోవడం లేదా, అది మూత తీయడం కాదా అని ఇంకొకరు. పోతుంది, పావుగంటో ఇరవై నిమిషాలో. కానీ లోపల కిచకిచ వినపడే చివరి రోజుల్లో దాన్ని గడ్డి మీంచి లేపడం గగనం. చదువు రాని పెట్ట మూలాన్ని సరిగ్గా అన్వయించుకుంది.

ఇదంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అనేవారికి ఒక్క మాట. రెండు వారాలయ్యేసరికి ఆ గుడ్డు లోపల పిల్ల ఒంటినిండా నూగు ఉంటుంది. చూడాలంటే మాత్రం పగలగొట్టాలి, అది కూడదని ఇందాకే తేలింది.

మూలకర్త మీద ఫిర్యాదు ఒకటే. ఇంత ముఖ్యమైన నిషేధాన్ని మడత కాగితంలో చిట్టచివరి వరసలో పెట్టాడు. పెట్టెలు చేసే అయ్యలారా, ఆ రెండు మాటలూ మూత మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.