నిమ్మకాయ పాలసీ

ప్రతి శనివారం పొద్దున్నే మా వీధి మొగలో ఒక కుర్రాడు నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి అమ్ముతాడు. దండ ఇరవై రూపాయలు. మా బావగారు అతనికి పాత ఖాతాదారు. కిందటి వారం దండ విప్పి నాలుగు రోడ్ల కూడలిలో పారేస్తారు. ఎవడి కాలి కిందో పడాలిగా, దిష్టి ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా! ఆ తర్వాత కొత్తది హ్యాండిల్‌కి కట్టి, బండికి దణ్ణం పెట్టి, కిక్ కొడతారు. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న బండే. అయినా శనివారం మాత్రం కిక్కే.

దీన్ని నేను నిమ్మకాయ పాలసీ అంటాను. ఇందులో ఉన్న సుఖం మరే పాలసీలోనూ లేదు. దరఖాస్తు లేదు, ఏజెంటు లేడు, సన్నక్షరాల షరతుల్లేవు, జీఎస్టీ లేదు. క్లెయిమ్ తిరస్కరించారని ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. వారం వారం రెన్యువల్, ఒక్క వారం కూడా తప్పదు. ఈ క్రమశిక్షణ చూసి దేశంలోని బీమా కంపెనీలన్నీ సిగ్గుతో తల దించుకోవాలి.

ఒకరోజు ఊరికే లెక్క కట్టాను. వారానికి ఇరవై చొప్పున యాభై రెండు వారాలకు 1,040 రూపాయలు. బావగారి బండి 125 సీసీ. 75 సీసీ దాటి 150 సీసీ లోపు ఉన్న టూవీలరుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలని 2022 జూన్ నుంచి అమలయ్యేలా కేంద్రం ఖరారు చేసింది. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 842 రూపాయల 52 పైసలు. అంటే నిమ్మకాయే ఖరీదు, దాదాపు రెండొందలు ఎక్కువ. ఇన్సూరెన్స్ కట్టడానికి డబ్బుల్లేవు అనేవాళ్ళకు ఈ లెక్క చెప్పి చూశాను. "దానికీ దీనికీ పోలికేంటండీ, ఇది సెంటిమెంటు" అన్నారు. నిజమే. రెండోది చట్టం, అంతే.

బావగారి బండికి ఎప్పుడూ బీమా లేదని అనను. 2018 దసరాకి కొన్నారు. ఆ ఏడాది జులైలోనే సుప్రీంకోర్టు ఒక ఆదేశమిచ్చింది: సెప్టెంబరు 1 నుంచి అమ్మే కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త టూవీలరుకు అయిదేళ్ళు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకోవాలని. మొదటి ఏడాది షోరూంవాడు కట్టించేది తప్ప రెండో ఏడాది నుంచి ఎవరూ కట్టడం లేదని న్యాయమూర్తులకు తెలిసిపోయింది మరి. మన మతిమరుపును కోర్టువారు నాలుగేళ్ళు వాయిదా వేశారు. ఆ గడువు కూడా 2023 అక్టోబరుతో తీరింది. సీటు కింద, స్పానరుకీ తుడుపు గుడ్డకీ మధ్య ఆ కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది. నూనె మరకలో తేదీ ఒక్కటే కనబడదు.

"బావగారూ, ఇన్సూరెన్స్ అయిపోయింది" అన్నాను ఓసారి.

"ఏమోయ్ బామ్మర్దీ, ముప్పయ్యేళ్ళ నుంచి నడుపుతున్నాను. ఒక్క యాక్సిడెంటు చేశానా?"

"మేక..."

"అది అడ్డం వచ్చింది. తప్పు మేకది."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ముప్పయ్యేళ్ళు యాక్సిడెంటు చేయలేదు కాబట్టి బీమా అక్కర్లేదనేది మా బావగారు ఒక్కరి సిద్ధాంతమే కాదు, దేశంలో సగం మందిది. రోడ్ల మీద తిరిగే వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘం 2024లో తేల్చింది. అంటే ఇంతమంది మహా జాగ్రత్తపరులు రోజూ రోడ్డెక్కుతున్నారు. మరి రోజూ పేపర్లో ఆ యాక్సిడెంట్లు ఎవరు చేస్తున్నారో నాకు బోధపడదు. బహుశా మేకలు.

అసలు పేరులోనే వచ్చింది చిక్కంతా. థర్డ్ పార్టీ అనగానే మనవాళ్ళకు రైల్లో థర్డ్ క్లాసు గుర్తొస్తుంది. "ఫుల్ ఇన్సూరెన్సా, ఉట్టి థర్డ్ పార్టీనా?" అని అడిగే తీరులోనే ఆ చిన్నచూపు ఉంటుంది. "ఉట్టి థర్డ్ పార్టీనే" అని చెప్పేవాడు కూడా తల వంచుకునే చెబుతాడు. బండి గీసుకుపోతే ఇవ్వరు, దొంగలెత్తుకుపోతే ఇవ్వరు, మనకు రూపాయి రాదు, ఇంకెందుకండీ దండగ అంటారు. అవును, మనకు రాదు. మొదటి పార్టీ బండి యజమాని, రెండోది బీమా కంపెనీ, మూడోది రోడ్డు మీద మనం గుద్దేసే మనిషి. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను తప్పనిసరి చేసింది ఆ మూడోవాడి కోసమే. మీ బంపరు, మీ బంగారు రంగు పెయింటు, మీ అలాయ్ చక్రాలు ఏమైనా చట్టానికి పట్టదు. వాటిని మీరు కాపాడుకుంటారని దానికి తెలుసు. మూడోవాణ్ణి మీరు కాపాడరనీ తెలుసు.

నిమ్మకాయ పాలసీలోనూ మూడోవాడున్నాడు, మరిచిపోకండి. కూడలిలో ఆ కాయ తొక్కేవాడు.

సరే, ఆ మూడోవాడి ఖరీదు ఎంత? కోర్టులు దీనికి లెక్క కూడా చెప్పాయి. సరళా వర్మ కేసులో 2009లో, ప్రణయ్ సేఠీ కేసులో 2017లో సుప్రీంకోర్టు ఎక్కాల పుస్తకమంత వివరంగా రాసిపెట్టింది. ఒక తాపీమేస్త్రీ అనుకుందాం. వయసు ముప్పయ్యిరెండు, నెలకు పదిహేను వేలు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాది సంపాదన 1,80,000. మున్ముందు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. అందులో అతని సొంత ఖర్చుకు నాలుగోవంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. దహన సంస్కారాల ఖర్చూ వగైరా మళ్ళీ వేరు. బావగారు పనినుంచి ఇంటికొస్తూ, సెల్‌ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆ మేస్త్రీని ఒక్క క్షణం చూడకపోతే తేలే బిల్లు అది. 842 రూపాయల పాలసీ ఉంటే ముప్ఫై లక్షలూ కంపెనీ కడుతుంది. ప్రాణనష్టానికి ఇంతే ఇస్తామని ఆ పాలసీలో పరిమితి ఉండదు. లేకపోతే బండి ఎవరి పేరిట ఉందో ఆ యజమాని కట్టాలి.

ఇక్కడ ఆ యజమాని తెలివి చూడాలి. ఇల్లు మా అక్క పేరిట ఉంది. పొలం ఇంకా తాతగారి పేరిటే ఉంది, పంపకాలు కాలేదు. బ్యాంకులో ఉన్నది వచ్చే నెల ఈఎంఐ. ట్రిబ్యునలు తీర్పు ఇస్తుంది. ఆ తీర్పు కాగితం పట్టుకుని మేస్త్రీ భార్య మళ్ళీ కోర్టుకెళ్ళి వసూలు పిటిషన్ వేయాలి, మళ్ళీ వకీలు, మళ్ళీ వాయిదాలు. ముప్ఫై లక్షలు గెలిచిన ఇంటికి ముప్ఫై వేలు చేరేసరికి పిల్లల్లో పెద్దవాడు తాపీ పట్టుకుంటాడు.

సెకండ్ హ్యాండ్ బండి వాళ్ళది మరో రకం చాతుర్యం. డబ్బులిచ్చి బండి తీసుకుంటారు, ఆర్‌సీ మాత్రం మార్పించుకోరు. మార్చుకుంటే పాత చలాన్లు మన మెడకు చుట్టుకుంటాయని భయం. అమ్మినవాడూ తాళాలు ఇచ్చేసి హాయిగా నిద్రపోతాడు. రిజిస్టరు కాగితంలో ఎవడి పేరుంటే వాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. కాబట్టి మీరు ఎప్పుడో అమ్మేసిన స్కూటరు, మీరెన్నడూ చూడని ఊళ్ళో, మీరెరగని మనిషిని గుద్దినా సమను మీకే వస్తుంది.

దీన్ని అరికట్టడానికి ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం అన్యాయం. బీమా లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత జరిమానా 2,000 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి దొరికితే 4,000. కాగితం మీద గట్టిగానే ఉంది. రోడ్డు మీద మాత్రం ఫ్లైఓవరు దిగే చోట నలుగురు నిలబడతారు. వాళ్ళు కనబడకముందే ఎదురొచ్చే బళ్ళు లైటు కొట్టి "ముందు చెకింగ్ ఉంది" అని సైగ చేస్తాయి. కులమతాలు, పార్టీలు, జిల్లాలు అన్నీ మరిచి తెలుగువాళ్ళంతా ఒక్కటయ్యే సందర్భం ఇదొక్కటే. గుంత ఉందని ఏ మహానుభావుడూ లైటు కొట్టడు. ఒకవేళ దొరికిపోయారే అనుకోండి, ఎవరో ఒకరికి ఫోను కలిపి "సారుతో మాట్లాడండి" అని చేతికిస్తారు. నా వంతూ ఒప్పుకుంటాను. ఒకసారి పొల్యూషన్ కాగితం లేక దొరికినప్పుడు నేనూ ఫోన్లో నంబర్లు వెతికాను. ఏ ఎమ్మెల్యే మనిషీ నాకు తెలియకపోవడం వల్లే నిజాయితీగా జరిమానా కట్టాను.

అలా కట్టినందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాను. ఎందుకంటే 2022లో తెలంగాణ పోలీసులు పెండింగు చలాన్ల మీద టూవీలర్లకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరులో 80 శాతం ఇచ్చారు. కార్లకు 60, తోపుడు బళ్ళకు 90. ఆషాఢం సేల్లో చీరల మీద కూడా ఇంత తగ్గించరు. వెంటనే కట్టినవాడు పిచ్చివాడు, దాచుకున్నవాడు తెలివైనవాడు అని సర్కారే రుజువు చేశాక, ఇక చట్టానికి భయపడమని ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? మా వీధి కుర్రాళ్ళు అప్పటినుంచి చలాను మెసేజీ వస్తే "ఆఫర్ వచ్చేదాకా ఆగుదాం" అంటున్నారు.

మరో సొగసు ఉంది. ఈ 146వ సెక్షనులోనే, వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలకు బీమా అక్కర్లేదని మినహాయింపు ఉంది. ఆపినవారి జీపుకు పాలసీ లేకపోవచ్చు, ఆగినవాడి బండికి మాత్రం ఉండాలి. సర్కారు దగ్గర ఖజానా ఉంటుంది, నష్టపరిహారం అక్కణ్ణుంచి ఇస్తారు కాబట్టి తర్కం ఉందంటారు న్యాయవాదులు. ఉందేమో. చౌరస్తాలో హెల్మెట్ చేతికి తగిలించుకుని నిలబడ్డవాడికి ఆ తర్కం అర్థం కావడానికి కొంచెం కష్టం.

ఇంకా విచిత్రం, గుద్ది పారిపోయిన బండి ఏదో తేలకపోతే చచ్చినవాడి కుటుంబానికి హిట్ అండ్ రన్ పథకం కింద కేంద్రం 2 లక్షలిస్తుంది. 2022 ఏప్రిల్‌కు ముందు 25 వేలే ఉండేది. అదే గుద్దినవాడు మర్యాదస్తుడై, ఆగి, పేరు చెప్పి, బీమా లేదని కూడా చెబితే ఆ పథకం వర్తించదు, ఆ మర్యాదస్తుడి జేబే దిక్కు. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయాలన్న పథకం వచ్చింది. మంచిదే. ఎనిమిదో రోజున ఎవరి జేబు తడమాలో అందులో లేదు.

మార్గం లేక కాదు. బీమా నియంత్రణ సంస్థ ఉన్నది మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో. ఏ బండి ఎవరిదో రవాణా శాఖ కంప్యూటరుకు తెలుసు, ఏ బండికి పాలసీ ఎప్పుడు తీరుతుందో బీమావారి కంప్యూటరుకు తెలుసు. హెల్మెట్ లేని బోడిగుండును ఫోటో తీసి, చలాను ఇంటికి పంపే కెమెరాకు, అదే నంబరు ప్లేటుకు పాలసీ ఉందో లేదో అడగడం ఎంతసేపు? ఒడిశావాళ్ళు 2024లో టోల్ గేట్ల దగ్గర ఈ పని మొదలుపెట్టారు, బండి దాటుతుండగానే ఈ-చలాను పుడుతుంది. కాకపోతే టూవీలరుకు టోలు లేదు, అది పక్క సందులోంచి జారుకుంటుంది. బీమా లేని బళ్ళలో ఎక్కువ అవే. కంపెనీలకూ దానిమీద మోజు లేదు. కారు పాలసీ తీరబోతుందంటే నెలన్నర ముందునుంచి రోజుకో ఫోను. స్కూటరు తీరి రెండేళ్ళయినా పలకరించే దిక్కుండదు, 714 రూపాయల్లో ఏజెంటుకు మిగిలేది టీ ఖర్చు.

అందుకే నా మనవి దేవస్థానాల వారికి. పోలీసుకు భయపడనివాడు కూడా మీ దగ్గర చెప్పులు విప్పి వరుసలో నిలబడతాడు. ఇంద్రకీలాద్రి మీద గానీ, కొండగట్టులో గానీ, మా కాలనీ ఆంజనేయస్వామి గుళ్ళో గానీ, వాహన పూజకు టికెట్ ఇచ్చేముందు గోత్రం అడిగినట్టే పాలసీ నంబరు కూడా అడగండి. లేదంటే కొబ్బరికాయ కొట్టకండి. పూజారిగారు "నాయనా, తేదీ దాటింది, దోషం ఉంది" అంటే చాలు, ఆ సాయంత్రంలోగా 842 రూపాయలు ఫోన్లోంచే కట్టేస్తారు. లైట్లు కొట్టి హెచ్చరించేవాళ్ళు గుడి దారిలో ఉండరు. స్వామివారి దగ్గర "సారుతో మాట్లాడండి" అని ఫోను ఇచ్చేవాళ్ళూ ఉండరు.

ఈ ఆలోచన బావగారికి చెబితే బాగుందన్నారు. ముందు మీ బండితో మొదలుపెడదామా అంటే, మంచిరోజు చూసి చెబుతానన్నారు. ఆయన పాలసీ 2023 అక్టోబరులో తీరిపోయింది. నిమ్మకాయ మాత్రం మొన్న శనివారమే మార్చారు.