కిర్రు

చప్పుళ్ళంటే నాకు పగ లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. మణికొండలో పదకొండేళ్ళుగా కాపురముంటున్న గృహస్థుణ్ణి. పక్క స్థలంలో మూడు రోజులు బోరు వేస్తుంటే వరండాలో కూర్చుని పేపరు చదువుకున్నాను. పై వాటాలో పిల్లవాడు ఏడాదిగా కీబోర్డు మీద ఒకే పాటలో ఒకే చోట తప్పుతున్నా ఒక్కనాడూ మెట్లెక్కి వెళ్ళి అడగలేదు. మా వంటింటి తలుపు కూడా తీసినప్పుడల్లా ఏదో అంటుందని ఇంట్లోవాళ్ళు చెబుతుంటారు. నేనెప్పుడూ విన్న పాపాన పోలేదు. అంతటి సాధుజీవిని అర్ధరాత్రి లేపి, నోట్లో టార్చిలైటు పెట్టించి, సైకిలు కింద వెల్లకిలా పడుకోబెట్టిన కిర్రు ఒకటుంది. నా ఫిర్యాదు దాని మీద.

ముద్దాయి మా ఇంటికి వచ్చిన వైనం ఇది. మా బావమరిది కొడుకు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళుతూ, 2014 నాటి తన మౌంటెన్ బైకును మా వరండాలో ఆనించి, "మామయ్యా, దీన్ని అమ్ముకోవడానికి మనసొప్పట్లేదు. మీరు తొక్కండి. పైసా ఖర్చుండదు" అన్నాడు. కుర్రవాడు అబద్ధమాడలేదు. ఇంతవరకూ దానికి పైసల్లో ఖర్చేదీ రాలేదు.

దీన్ని ఫుల్ సస్పెన్షన్ అంటారు. ముందు చక్రానికే కాదు, వెనక చక్రానికి కూడా షాకబ్జార్బరు ఉంటుందని అర్థం. మా నాన్నగారి 22 అంగుళాల సైకిలుకు ఫ్రేమంటే ఒకే ముక్క. దాని మీద బియ్యం బస్తా, నేనూ, మా చెల్లెలూ ఒకేసారి ప్రయాణించిన రోజులున్నాయి. దీని ఫ్రేమును నాలుగు చోట్ల కోసి, ప్రతి కోత దగ్గరా రెండేసి బేరింగులు పెట్టి, మళ్ళీ బోల్టులతో కలిపారు. మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు. సంచీ తగిలించడానికి ఒక్క కొక్కెం లేదు. కొండలెక్కడానికి చేసిన బండికి ఇక్కడ కొండ ఏదిరా అంటే, అనంతగిరి ఉంది కదా మామయ్యా అన్నాడు. అనంతగిరి వికారాబాదు దగ్గర ఉన్నమాట నిజమే. మూసీ అక్కడే పుడుతుంది. కానీ మూసీ అంతటిది కూడా అక్కణ్ణుంచి కిందికే వస్తుంది తప్ప పైకి ఎక్కదు.

మొదటి వారం అంతా గాలితో సరిపోయింది. మా కారు టైరుకు ముప్పై రెండు పీఎస్‌ఐ కొట్టిస్తే చాలు. ఈ వెనక షాకుకు నా శరీరానికి నూట తొంభై కావాలిట. టైరు పంపు దానికి పనికిరాదు, ప్రత్యేకమైన షాకు పంపు కొనాలి. మూడు వేల చిల్లర. పెట్టింది పెట్టినట్టు ఉందో లేదో చూద్దామని మళ్ళీ పంపు తగిలిస్తే, ఆ గొట్టం నిండడానికే కొంత గాలి పోతుంది. అంటే చూసిన ప్రతిసారీ తగ్గుతుంది, తగ్గిందని కొట్టాలి, కొట్టాక చూడాలి. నేను కూర్చున్నప్పుడు షాకు ఎంత దిగాలో దానికీ లెక్కుంది. మొత్తం కదలిక 57 మిల్లీమీటర్లు, అందులో ముప్పై శాతం, అంటే పదిహేడు. నేను హెల్మెట్టు, బూట్లు, నీళ్ళ సీసాతో సహా గోడ పట్టుకుని సీటు మీద కూర్చుంటే, మా ఆవిడ స్కేలు పట్టుకుని వంగి కొలిచింది. "ఇరవై రెండు" అంది. కాసేపాగి, "గాలి పెంచడమొక్కటే మార్గమా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో ఉన్న రెండో మార్గం గురించి నేను చర్చించదలచుకోలేదు.

ఆ తరువాత మొదలైంది కిర్రు.

కుడి పెడలు కిందికి దిగిన ప్రతిసారీ ఒక్కటి. మెల్లగా తొక్కితే లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, స్పీడ్‌బ్రేకరు దాటి ఊపందుకునేటప్పుడు, పాత మంచం మీద లావుపాటి మనిషి ఒత్తిగిల్లినట్టు, కిర్రు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎంతైనా సహించవచ్చు. గండిపేట దారిలో తెల్లవారుజామున పాతికమంది సైక్లిస్టులు నిశ్శబ్దంగా దాటిపోతూ ఒక్కొక్కరే తల తిప్పి చూస్తుంటే, మానం ఉన్నవాడెవడూ ఓర్చుకోలేడు.

నేను విచారణ పద్ధతి ప్రకారమే జరిపాను. లేచి నిలబడి తొక్కాను. కిర్రు ఆగలేదు, కనుక సీటు నిర్దోషి. తొక్కడం మానేసి జారనిచ్చాను. ఆగింది, కనుక కాలి బరువుకే అరుస్తోంది. ముందు బ్రేకు నొక్కి హ్యాండిలు ఊపాను; ఉలుకూ పలుకూ లేదు. రెండు పెడళ్ళూ ఊడదీసి మరలకు గ్రీజు రాసి బిగించాను. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుందన్న సంగతి చిన్నప్పుడు మా ఊరి సైకిలు షాపులో చీవాట్లు తిని నేర్చుకున్నాను కాబట్టి అక్కడ పరువు దక్కింది. అయినా కిర్రు కిర్రుగానే ఉంది.

ఇక మిగిలిన నిందితుడు పెడళ్ళ నడుమ ఉండే బాటమ్ బ్రాకెట్టు. మా నాన్నగారి సైకిలుకు అది మర బిగించి ఉండేది. దీనికి మర లేదు. బేరింగు గిన్నెలను ఫ్రేములోకి ఒత్తి కూర్చోబెట్టారు. గిన్నెకూ గూటికీ నడుమ వెంట్రుకవాసి సందు ఉన్నా అరుస్తుందిట. ఈ లోపం గుర్తించి ఇప్పుడు చాలామంది తయారీదారులు మళ్ళీ మర పద్ధతికే వెళుతున్నారు. తాతలు చేసింది తప్పని చెప్పి, కొత్తది అమ్మి, మళ్ళీ తాతలదే కొత్తదని అమ్మే ఈ విద్యను మెచ్చుకోకుండా ఉండలేం. ఊడదీయడానికి ఒక పనిముట్టు, ఎక్కించడానికి మరో పనిముట్టు కొన్నాను. కొత్త గిన్నెలు వచ్చాయి. కిర్రు పోలేదు.

ఫ్రేము కీళ్ళ మీదికి వెళ్ళాను. నాలుగు కీళ్ళు, ఎనిమిది బేరింగులు. మూడింటిలో తుప్పు, తిప్పితే ఇసుక నూరినట్టు ఉంది. దొంగ దొరికాడని రాత్రి భోజనంలో ప్రకటించాను. ఎనిమిదీ మార్చాను. ఒక్కో బోల్టును ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. దానికి టార్కు రెంచి కొన్నాను. అది చేతికి వచ్చాక మనిషి మారిపోతాడు. మిక్సీ జారు కింద మరను కూడా ఎన్ని న్యూటన్ మీటర్లో తెలియకుండా నేను ముట్టుకోవడం మానేశాను. మర్నాడు ఉదయం కోకాపేట ఎత్తు దగ్గర, యథాప్రకారం, కిర్రు.

ఈ మధ్యలో ఒక ఘోరం జరిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఫిర్యాదన్నాక దాచకూడదు. వెనక డిస్కు బ్రేకు కూడా కీచుమనడం మొదలుపెట్టింది. ఒక్కసారి రెండు చప్పుళ్ళు భరించే వయసు కాదు నాది. లోహం అరిస్తే నూనె కదా మందు అనుకుని, ఆ పలచటి డిస్కుకు రెండు చుక్కల కొబ్బరినూనె రాశాను. కీచు నిజంగానే పోయింది. దానితోపాటు బ్రేకు కూడా పోయింది. వీధి చివర పాలవాడి బండి పక్కనున్న కరివేపాకు చెట్టు నన్ను ఆపింది. ఆ డిస్కును చేతి వేలితో ముట్టుకున్నా జిడ్డు అంటుతుందని, దాన్ని నొక్కే బ్రేకు ప్యాడ్లు నూనెను పీల్చుకుంటే ఇక వదలవని, పారేయడమే గతి అని ఆ తర్వాత తెలిసింది. కొత్త ప్యాడ్లు వేశాక వాటికి అక్షరాభ్యాసం కూడా చేయించాలి: వేగంగా వెళ్ళి, ఆగీ ఆగకుండా బ్రేకు వేసి, మళ్ళీ వేగంగా, ఇలా ఇరవైసార్లు. మా వీధిలో నేను వేగంగా వెళ్ళి చివరిదాకా వచ్చి వెనక్కి తిరగడం ఇరవైసార్లు చూసిన వాచ్‌మన్ మా ఆవిడకు ఫోను చేసి, "అమ్మా, సార్‌కి ఏమైనా పోయిందా?" అని అడిగాడు.

బాగుచేసుకోవడంతో ఆగి ఉంటే నేనీ స్థితికి వచ్చేవాణ్ణి కాదు. మెరుగుపరుద్దామని బుద్ధి పుట్టింది.

దీనికి వెనక పది పళ్ళచక్రాలు, ముందు రెండు. ఎత్తు ఎక్కడానికి వెనక పన్నెండు, ముందు ఒకటి ఉంటే సుఖమని విన్నాను. 2012 ప్రాంతం నుంచి ముందు ఒకే చక్రం పెట్టే పద్ధతి బలపడింది. చైను జారిపోకుండా దాని పళ్ళు ఒకటి లావు, ఒకటి సన్నం. ముందు చైనును ఒక చక్రం మీంచి మరోదాని మీదికి నెట్టే డెరైలరుకు ఉద్యోగం పోయింది. సరే, పన్నెండు చక్రాల కాసెట్టు ఒక్కటి కొంటే చాలనుకున్న నా అమాయకత్వం చూడండి. పెళ్ళిచూపులకు అబ్బాయొక్కడే వస్తాడనుకున్నట్టు ఉంది.

అందులో అన్నిటికన్నా చిన్నచక్రానికి పది పళ్ళు. పదిపళ్ళది నా హబ్బు మీద పళ్ళచక్రాలు కూర్చునే ఫ్రీహబ్బుకు పట్టదు, అది లావు. పదకొండు పళ్ళకన్నా తక్కువది దాని మీద కూర్చోదు. కనుక కొత్తరకం ఫ్రీహబ్బు. ఆ రకం నా హబ్బుకు దొరకదు, కనుక కొత్త హబ్బు. కొత్త హబ్బులు 148 మిల్లీమీటర్ల వెడల్పు. నా ఫ్రేములో సందు 142. ఆరు మిల్లీమీటర్ల దగ్గర సంబంధం తప్పిపోయింది. పోనీ చక్రం మార్చకుండా సీటు కిందికి దిగే డ్రాపర్ పోస్టు వేద్దామంటే, దొరికింది 31.6, నాకు కావలసింది 30.9. ఏడు పాయింట్ల తేడా, అదీ దశాంశానికి అవతల! మా పెద్దమ్మాయి పెళ్ళికి రెండు వైపులా పంచాంగాలు వేరైనా ముహూర్తం కుదిరింది.

చివరకు పదకొండు పళ్ళతో మొదలయ్యే పన్నెండు చక్రాల కాసెట్టు ఒకటుందని, పాత హబ్బుకే పడుతుందని తెలిసింది. మేనరికం లాంటి పరిష్కారం. దానితోపాటు కొత్త డెరైలరు, కొత్త షిఫ్టరు, కొత్త చైను, ముందుకో ఒంటి చక్రం. డెరైలరును పెద్ద పళ్ళచక్రానికి ఎంత దూరంలో నిలపాలన్నది సైకిలు ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే లెక్క తప్పుతుంది. సస్పెన్షను దిగితే చైనుకు కావలసిన పొడవు మారుతుంది, కనుక మనిషి కూర్చున్నప్పుడే చూడాలి. మా ఆవిడ మళ్ళీ స్కేలు తీసుకుని వచ్చింది. ఈసారి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

గేర్లు వెన్నలా పడుతున్నాయి. పన్నెండు గేర్లలోనూ కిర్రు సమానంగా వినిపిస్తోంది.

కొండసైకిలు పుట్టినచోట కూడా ఈ బాధలు ఉండేవని తెలిసి కొంత ఊరట పొందాను. 1976లో కాలిఫోర్నియాలో, మెరిన్ కౌంటీ ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర, కొందరు కుర్రాళ్ళు ముసలి సైకిళ్ళను కొండమీద నుంచి కిందికి పరుగెత్తించి పందేలు పెట్టారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. ఒక్క దిగుడుకే హబ్బులో గ్రీజు కాలి పొగలు వచ్చేదిట. ప్రతిసారీ విప్పి గ్రీజు మళ్ళీ కూరాలి. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. వాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ ఆ తరువాత కొండకోసమే ఫ్రేములు తయారుచేశాడు. వాళ్ళకు గ్రీజు ఒక్కటే బాధ. నా ఫోర్కుకైతే యాభై గంటలకొకసారి కింది కాళ్ళు విప్పి నూనె మార్చాలట. నేను తొక్కిన గంటలకన్నా విప్పిన గంటలు ఎక్కువ కాబట్టి ఆ గండం ఇంకా రాలేదు.

చివరికి అమ్మేయడానికి నిశ్చయించాను. మేనల్లుడి అనుమతి కూడా తీసుకున్నాను. నల్లగండ్ల నుంచి ఒక కుర్రవాడు చూడటానికి వస్తానన్నాడు. పెళ్ళికూతుర్ని చూపించేముందు మొహం కడిగించినట్టు, ఆ ఉదయం వెనక చక్రం తీసి తుడిచాను. ఆ చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ఇరుసు కడ్డీ ఎండిపోయి, బూడిదరంగులో ఉంది. చూడ్డానికి బాగుండదని గోరంత గ్రీజు రాసి తోశాను.

కుర్రవాడు వీధిలో రెండు చుట్లు కొట్టాడు. లేచి నిలబడి తొక్కాడు. మా వీధి ఎత్తు ఎక్కాడు. నేను గేటు దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డాను. టైరు రోడ్డు మీద ఇసుకను నొక్కే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

బోలు గొట్టాల ఫ్రేములో చప్పుడు ఒకచోట పుట్టి మరోచోట వినిపిస్తుందని తరువాత మేనల్లుడే చెప్పాడు. ఇరుసుకు గ్రీజు రాశారా మామయ్యా అని నెల కింద ఎందుకడగలేదురా అంటే, మీరు రాసే ఉంటారనుకున్నాను అన్నాడు.

"బాటమ్ బ్రాకెట్టు కొత్తది, బేరింగులు కొత్తవి, గేర్లు కొత్తవి. మరి ఎందుకు అమ్ముతున్నారు అంకుల్?" అన్నాడు ఆ కుర్రవాడు, సైకిలు గోడకు ఆనించి.

అమ్మడం లేదు బాబూ అన్నాను. పాపం, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళుతూ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. "ఆ డబ్బాలో గ్రీజు ఇంకా ఉందా?" అంది.

"ఉంది."

"అయితే ఈ తలుపుకి కాస్త రాయండి. పదకొండేళ్ళుగా కిర్రుమంటోంది."

తలుపు కీలు బోల్టులకు ఎన్ని న్యూటన్ మీటర్లో ప్రస్తుతం వెతుకుతున్నాను.