చింతపండు పెట్టి తోమకురా నాయనా

మొన్న నువ్వు మీ తాతమ్మ ట్రంకుపెట్టెలోంచి ఓ వెండి రూపాయి తీసి, "తాతయ్యా, ఇది ఎన్ని లక్షలు చేస్తుంది?" అన్నావే, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉందిరా. దాని మీద తల ఎవరిదో అడగలేదు, ఏ ఏటిదో చూడలేదు. చూడగానే లక్షలే!

మా రోజుల్లో రూపాయిని ముందు చెవితో చూసేవాళ్లం. మా ఊరి కొట్లో శెట్టిగారు దాన్ని నాపరాయి మీద పడేసి తల పక్కకి వంచేవారు. ఖంగుమంటే గల్లాపెట్టెలోకి, టప్పుమంటే మళ్లీ మన చేతిలోకి. 1835లో కంపెనీవాడు దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చినప్పుడు దాని బరువు 180 గ్రెయిన్లు పెట్టాడు, అంటే అచ్చంగా తులం. పన్నెండింట పదకొండు వంతులు వెండే. అందుకే మా అమ్మ కషాయానికి శొంఠి కూడా రూపాయి ఎత్తు తూచేది. ఇప్పటి రూపాయితో ఏం తూస్తావు? చీకట్లో తడిమితే అది ఒకటో రెండో కూడా తెలీదు. మా అణాకి పువ్వు రేకుల్లాంటి అంచు, రెండణాల బేడ నలుచదరం, యుద్ధం రోజుల్లో వచ్చిన కాణీకి నడుమ పెద్ద చిల్లు. ఆ చిల్లుకాణీని మొలతాడుకి కట్టుకుని ఊరంతా తిరిగినవాణ్ణి నేను.

రూపాయికి 16 అణాలు, అణాకి 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. మొత్తం 192. ముగ్గురు పంచుకున్నా తెగేది, నలుగురు పంచుకున్నా తెగేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయిని వంద చేశాయి. అణాకి ఆరుంబావు పైసలని లెక్క. ఆ పావు ఎవడిస్తాడు? ఆరే చేతిలో పెట్టేవాళ్లు. ఆ పావు పైసా నాకు ఇప్పటికీ బాకీయే.

సరే, నీ లక్షల సంగతికి వద్దాం. పాతదైతే చాలు విలువ అనుకోకు. విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉన్నా అది ఆ ఏడాదిదే కానక్కర్లేదు, 1874 దాకా అదే అంకె వేసి కొట్టారు. ఏది ఎప్పటిదో తేల్చడానికి తెలిసినవాళ్లు చుక్కలు లెక్కపెడతారు. 1911లో అయిదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని జనం గగ్గోలు పెడితే, ఆ నాణేలు వెనక్కి తీసుకుని మరుసటేడు ఏనుగు బొమ్మ దిద్దారు. అందుకే ఆ పంది రూపాయికి గిరాకీ. 1939 నాటి ఆరో జార్జి రూపాయి మరీ అరుదు, కాబట్టి దానికి దొంగవీ ఎక్కువే. 1940 నుంచి వెండి సగానికి దింపారు, 1947కల్లా ఉత్త నికెల్ అయింది. నీ చేతిలోది 1944ది. అరిగిపోయింది. వెండి ధర మీద ఏదో కాస్త ఎక్కువ పలుకుతుంది, అంతే.

ఇక రాముడో హనుమంతుడో ఉండి, వెనక ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసి ఉన్న బిళ్లలు తెచ్చి ఎవడైనా చూపిస్తే దణ్ణం పెట్టి పంపెయ్యి. కంపెనీ అలాంటివి కొట్టలేదు. పాత నాణెం కొంటాం, ముందు రుసుము కట్టమనేవాడి మాటా నమ్మకు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

అన్నిటికంటే ముఖ్యం, దాన్ని తోమకు. పన్నెండేళ్లప్పుడు నేను అమ్మ దాచుకున్న విక్టోరియా రూపాయిని చింతపండూ ముగ్గూ పెట్టి అద్దంలా చేశాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఏళ్ల తరబడి పట్టిన నల్లటి ఛాయ పోయింది, రాణి జడ గీతలూ పోయాయి. కొనేవాడు ముందు చూసేది వాటినే. అమ్మ ఏమీ అనలేదు, పసుపు గుడ్డలో చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

ఆదివారం రా. నీ రూపాయి అంచులు పట్టుకుని తీసుకురా, ముఖం మీద వేలు పడనీకు. నాపరాయి మీద మోగించి వినిపించాలనే ఉంది. కానీ అంచు నొక్కుకుపోతుంది. నీ రూపాయి వద్దులే, ఎలాగూ చెడిపోయిన నా విక్టోరియానే మోగిస్తాను.